చేప కన్ను చూసే మనిషి

1946 వేసవి. శంషాబాద్ దగ్గర ఒక చెరువు గట్టు. బాలమల్లు, అతని మేనల్లుడు జంగయ్య. మధ్యలో చేపల గంప.

“నువ్వా? ముందు తెప్ప మీద కూసోని వలలేడ ఎయ్యాల్నో నువ్వు చూపుతవా?”

“నేననలే మామా. పెద్దలన్నరు.”

“ఏ పెద్దలు? బిక్షమా? ఆనికి చేప తలకాయకూ తోకకూ ఫరక్ తెల్వదు.”

“పోయినేడు నువ్వు చూపిన కాడ తుమ్మకంప తగిలింది. వలలన్నీ చినిగినయ్.”

“వల లాగుడు రాదు మీకు. కంప మీద ఏస్తున్నరు తప్పు.”

“రేపు పొద్దున ఇద్దర్నీ అడుగుతరట. కన్ను చూసి చేప ఏ నీళ్లదో చెప్పాలె. సరిగ చెప్పినోడే ముందు తెప్ప మీద కూసోవాలె.”

“మా తాతల సంది ఉన్న రివాజు నాకు చెప్తున్నవా? మా అయ్య నేర్పిండు నాకు. నీకెవడు నేర్పిండు?”

“నువ్వే.”

“నేర్పిన. నీ తలకాయలకు పోలే. ఇగో, గంపల చెయ్యి పెడితే దొరికింది. ఏంది ఇది?”

“మార్పు చేప.”

“మీసాలున్నయ్ గనక చెప్పినవ్. దీని కండ్లు గంత సన్నగ ఎందుకున్నయ్?”

“బురదల ఉంటది గదా.”

“బురదల నువ్వు గూడ ఉన్నవ్. నీ కండ్లు సన్నబడ్డయా? ఇను. పెద్ద కండ్లున్నవాటికి మట్టి పడె, పుండయె, చచ్చె. చిన్న కండ్లయి బతికి పిల్లల్ని కన్నయ్. ఎన్ని తరాలో గట్లనే. మీసాలతోని తడుముకునేదానికి కండ్లతోని ఏం పని?”

“నీళ్ల మీద తిరిగే చిన్న చేపకు కండ్లు నెత్తి మీదికి ఎందుకొచ్చినయ్ మామా?”

“కొంగ పైనుంచి వస్తది గనక. కొంగను చూడంది కొంగ కడుపుల పడె. చూసింది గుడ్లు పెట్టె. గిది గూడ అడగాల్నా? నువ్వు చేపయి పుట్టుంటే నీకు పిల్లలే పుట్టకపోదురు.”

“సరే. ఇగ ఇది చెప్పు.”

“ఇటియ్యి.”

“ఎత్తి పట్టుకున్న గదా. చూడు.”

“చేతికియ్యమంటున్న.”

“రేపు చేతికియ్యరు మామా. ఎత్తి చూపిస్తరు.”

“ఎవడు పెట్టిండు గా రివాజు?”

“నేనే పెట్టమన్న.”

“నువ్వు! నా ఎనక వలలు మోసేటోనివి, నువ్వు పెట్టమన్నవా?”

“చెప్పు మామా. ఎండ మంచిగనే ఉన్నది.”

“జర ఇట్ల తిప్పు.”

“తిప్పిన.”

“ఇంకా.”

“ఇంకెంత?”

“చాలు, చాలు. కనవడ్డది. పెద్ద కండ్లు. తూము కాడ లోతుల ఉండేటిది. ఆడ ఎలుగు తక్వ. ఉన్నదంత పట్టుకోవాల్నంటే పెద్ద కన్ను కావాలె. సన్న కన్నుది తిండి కానక చచ్చె. నల్లగ, గుండ్రంగ, ఎట్ల మెరుస్తున్నదో చూడు. రేపు వలలు తూము కాడనే. పో, నీ పెద్దలకు చెప్పు.”

“దీనికి కండ్లు లేవు మామా. ఇందాక నేనే తీసిన.”