పాలు పోసుకున్న పురుగులు

హలో… ఆఁ, నేనే, అక్కను. కామారెడ్డి బస్టాండ్ల ఉన్న. అనిలా, నిన్న నీకిచ్చిన డబ్బ మూత తీసినవా?… అరే, ఈగ పురుగుల డబ్బనే! నీ తొట్లళ్ళ పెంచుకోను విత్తనానికని ఇచ్చిన గదా… తియ్యకు. నీకు దండం పెడ్త, తియ్యకు!

…మంచియే అనుకున్ననే! వరి గింజ పాలు పోసుకున్నట్టు తెల్లగ, లావుగ ఉండె. గవ్వే బలమైనయని నా చేతులతోని ఏరిన. పొద్దుగాల లేచి చూస్తే నా తొట్లళ్ళ అన్నీ సచ్చి పడ్డయ్. ఇన్ని పట్టుకొని ఎల్లారెడ్డిల బస్సెక్కి ఈడికి ఉరికొచ్చిన.

…ఈడి కాలేజీల సైన్సు సారు మిషన్ల పెట్టి చూసిండు. గా తెలుపు కొవ్వు గాదట, రోగమట. కండ్లకు కనబడని జీవులు… ఒక్కొక్కదానికి ఒళ్ళంత ఒక్కటే కణమట. పురుగు కడుపుల చేరి లోపట్నుంచే తింటయట. గసొంటియి పెద్ద ఖాందానే ఉన్నదట, ఈగల పిల్లలనే పట్టుకుంటయట.

…నీ పొల్ల డబ్బల చెయ్యి పెట్టిందా? ఏంగాదు, మనుషులకు రాదు. కోళ్ళకు గూడ రాదన్నడు… నా భయం నీ తొట్ల గురించే. బీడీలు చుట్టుడు బందువెట్టి, కోళ్ళ ఫారాలకు గవ్వే అమ్ముకొని బతుకుతున్నవ్.

…ఏందీ?… మీ అత్తమ్మ పోసిందా! ఎప్పుడు?… అయ్యో దేవుడా. ఏ తొట్ల?… ఒక్కదాంట్లనేనా? సక్కగ అడుగు… ఒక్కటే. హమ్మయ్య, పాణం లేచొచ్చింది.

ఇను. గా తొట్ల మసిలే నీళ్ళు పొయ్యి. జల్ది! గుంత తవ్వి బొందవెట్టు. మిగిలినయి ముట్టకు…

…ఏం జల్లెడ?… గా తొట్టిని జల్లెడ వట్టిందా? వట్టి?… మిగిలిన తొట్లు గూడనా?… అదే జల్లెడతోనా?

అనిలా… ఏడ్వకే.

…ఏమన్నవ్? నాకు కడుపుమంటనా? నీ తొట్లు చూసి ఓర్వక రోగం పంపిన్నా? నోటికి ఎంతొస్తే గంత అనకు, చెప్తున్న!… సరే. సరే, అనుకో. తిట్టుకో.

…లేదు, అడిగిన. మందు లేదట. అన్నీ పారబోసి, తొట్లు కడిగి ఎండవెట్టి, కొత్త విత్తనంతోని మొదలువెట్టాలె.

…నేనా?… నేనేడికెల్లి ఇయ్యాలె, చెల్లె? ఇంతసేపు నేను చెప్పింది ఇన్లేదా? పాణమున్న పురుగు నాకాడ ఒక్కటి లేదు… ఒట్టు, దాచుకోలే… హలో? అనిలా, పెట్టెయ్యకు… హలో?