మిషన్లో మగగొంతు

కోటబొమ్మాళి, 2013. ఆశ్వయుజ మాసంలో ఒక మధ్యాహ్నం. కుసుమకుమారి ఇంటి ముందుగదిలో ఆమె, చనిపోయిన ఆమె భర్త తమ్ముడు ఉమాశంకర్.

"అక్కడ కాదు. మీ అన్నయ్య ఫోటో కింద పెడతావేటి? ఆ కిటికీ దగ్గర పెట్టు."

"ప్లగ్గు ఇక్కడున్నాది వొదినా. వైరు అందాలి కదా."

"అందకపోతే పొడుగు వైరు తే. కరెంటు సామాన్ల షాపు నీది, నాది కాదు."

"తెచ్చినాను. సంచిలో ఉన్నాది. కోప్పడకు."

"కోపమేటి? కోపముంటే నిన్ను పిలుస్తానా?"

"కోపం లేకపోతే రెండేళ్ళు పిలవకుండా ఎలగున్నావు?"

"నువ్వు రాకుండా ఎలగున్నావు?"

"సర్లే. ఈ నల్లది కరెంటుకి. గోడలోంచి వచ్చిన ఫోను వైరు దీని ఎనకాల. పాత ఫోను తీసీమంటావా?"

"తీసీ. నీకియ్యను గాని. అటక మీద పెట్టు."

"నాకెందుకది? ఊళ్ళో ఇంటి ఫోన్లు ఎవుడు కొంటన్నాడు? షాపులో ఉన్నవే దుమ్ము పట్టిపోతన్నాయి. అసలు నీకు మాత్రం ఇదెందుకు? సెల్లున్నాది కదా."

"సెల్లు నా కూతురు అనూరాధకీ నాకూ మజ్జే. ఈ నెంబరు ఊరందరికీ తెలుసు. కాలికి ఈ పిండికట్టు పడి మూడు వారాలైంది. కర్ర ఊతం మీద ఈ గదిలోకొచ్చేసరికి మోగి మోగి ఆగిపోతాది. ఆ మాట సెప్తే అనూరాధ విశాఖపట్నంనుంచి ఈ మిషను బస్సులో పంపింది. మనం ఎత్తకపోతే మిషనే ఎత్తి మాట దాచుకుంటాదట. నిజమేనా?"

"నిజమే."

"నిన్నట్నుంచి ఎవులో సేస్తన్నారు. పది సార్లు మోగింది. ఒక్కటీ అందలేదు."

"నిన్నట్నుంచా?"

"మొన్న సాయంకాలం కూడా. ఏం?"

"ఏం లేదు. ఊరికే అడిగినాను."

"ఊరికే అడిగినోడివి ఆ స్క్రూడ్రైవరు ఎందుకు కింద పడీసినావు?"

"సెమట సెయ్యి, జారిపోనాది. టైము పెట్టాలి దీనికి. ఇప్పుడు ఎంతయింది?"

"గడియారం నీ నెత్తి మీదే ఉన్నాది. సూడు."

"రెండూ పది. ఆఁ, పెట్టినాను. ఇగో, నాలుగు సార్లు మోగినాక ఇది ఎత్తుతాది. ఎవులైనా మాట వదిలితే ఈ ఎర్ర లైటు కొట్టుకుంటాది. అప్పుడీ బటను నొక్కు, ఇనిపిస్తాది. అక్కర్లేకపోతే ఇది నొక్కు, తుడిసీస్తాది. అర్దమైందా?"

"నేను ఎనిమిదో క్లాసు సదివినాను. నిన్ను బడిలో ఏసింది కూడా నేనే. అర్దమైందా అని అడుగుతన్నావు."

"ఇప్పుడా కత ఎందుకు?"

"ఎందుకంటే నువ్వు మర్చిపోనావు కనక. పెళ్ళై ఈ ఇంటికొచ్చేసరికి నీకు తొమ్మిదేళ్ళు. మీ అమ్మ మంచం మీదున్నాది. నీ లాగూలు ఉతికింది ఎవులు? టైఫాయిడొస్తే శ్రీముఖలింగం నడిసి ఎల్లి మొక్కు తీర్సింది ఎవులు? మీ అన్నయ్య పోయిన పన్నెండో రోజు, బూందీ సట్టి ఇంకా పొయ్యి మీదుంటే, నీ వాటా కోసం సర్వేయర్ని తీసుకొచ్చి భూమికి గొలుసు పట్టించినావు నువ్వు."

"పద్మకుమారిని నలుగురిలో గొడ్డుదన్నది ఎవులు?"

"నేనన్లేదు."

"అన్నావు. అరసవిల్లిలో, రథసప్తమికి, లైన్లో నిలబడి. ఇన్నవాళ్ళు నాకు సెప్పినారు. నా పెళ్ళాం ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం ముట్టలేదు. దానికి ఎవులు సమాదానం సెప్తారు?"

"…కోపంలో ఏటన్నానో నాకు గుర్తులేదు."

"నాకున్నాది. సరే, ఇప్పుడు దీన్లోకి మాట ఎక్కించాలి. ఎవులైనా ఫోను సేస్తే ముందు ఆ మాట ఇనిపిస్తాది. ఈ బటను నొక్కి, బీప్ అన్నాక నువ్వు మాటాడు."

"నేను కాదు. నువ్వు మాటాడు."

"నేనా? ఇల్లు నీది కదా."

"అందుకే పిలిసినాను నిన్ను. వైర్లు తగిలించడానికైతే ఈదిలో ఇంకొకడు దొరుకుతాడు. నాకు మగగొంతు కావాలి."

"ఏటి?"

"మగగొంతురా. ఆ రొయ్యల సెరువుల బ్రోకరు, ధర్మేంద్ర అని ఎవుడో ఒకడు. నెలరోజులై వేపుకు తింటన్నాడు. ఉప్పుటేరు పక్కనున్న మన భూములు లీజుకి కావాలట. నేను ఇవ్వనంటాను. ఆడు నవ్వుతాడు. 'ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అమ్మా, ఎవరికైనా ఇవ్వండి ఫోను' అంటాడు. పొట్ట మీదున్న వరిని పట్టుకుని 'పోనీ కోతలయ్యాక ఇవ్వండి' అంటాడు. ఆడది కాదంటే ఆడికి కాదన్నట్టు కాదు. మగాడు ఒక్కసారి సెప్తే ఇనిసస్తాడు."

"నాలుగు రోజులు ఎత్తకపోతే ఆడే మానీస్తాడు వొదినా."

"ఎలగ మానీస్తాడు? నీకేటి తెలుసు ఆడి సంగతి?"

"నాకేటి తెలుసు? అందరూ అలగే కదా."

"నీ మూడెకరాలు నా మూడెకరాలకి ఆనుకునే ఉన్నాయి. నిన్నడగలేదా ఆడు?"

"అడిగినాడు."

"నువ్వేటన్నావు?"

"సూద్దామన్నాను. అయినా అటేపు సుట్టూ అందరూ ఇచ్చీసినారు. ఒక్కలం మిగిలితే…"

"ఒక్కలం మిగిలితే మిగులుదుం. అదిగో, ఫోను మోగుతంది. ఎత్తకు, ఎత్తకు! మిషను ఎత్తుతాదో లేదో సూద్దారి."

"ఇంకా మాట ఎక్కించలేదు కదా వొదినా, నేను ఎత్తుతాను…"

"ఎత్తకు అన్నాను. సెయ్యి తియ్యి. నాలుగోది… ఆఁ, ఎత్తింది. ఇను."

"నమస్కారం కుసుమకుమారి గారూ, ధర్మేంద్రని. ఎత్తడం లేదేమిటండీ? మీ మరిది ఉమాశంకర్ గారి మూడెకరాల చెక్క సంగతి అయిపోయిందండీ. లీజు కాయితాలు దసరాలోనే అయిపోయాయి, ఈ వారంలో చెరువు కూడా తవ్వేశాం. ఇక మిగిలింది మీది ఒక్కటే. ఇప్పుడు కాదన్నా మీకు లాభం లేదండీ, మీరే కబురు పెడతారు. ఉంటాను."

"వొదినా."

"ఏటన్నాడాడు?"

"వొదినా, ఒక్క మాట ఇను…"

"దసరాలో. పక్షం దాటిపోనాది. నా గట్టుని ఆనుకుని ఉన్న సెక్క నువ్వు రొయ్యలకి ఇచ్చీసి, నా ఇంటికొచ్చి, నా కుర్చీలో కూకుని, 'సూద్దామన్నాను' అంటన్నావు!"

"నా సెక్క నాది. నువ్వు కోసిచ్చిన భాగమే. నన్నెవుడూ అడగలేదు సుట్టూ తవ్వుతన్నప్పుడు. ముందు సీతయ్యగారిది పోయింది, తరవాత గంగులుది. మూడేపులా ఉప్పుసెరువులే. కిందటేడు నా మడిలో నారు పసుప్పచ్చబడి సచ్చిపోనాది. దున్నడానికి కూలోడు రాలేదు. నేనేటి సెయ్యను? షాపు సూస్తే అలగున్నాది…"

"నాకు సెప్పలేదేం?"

"సెప్తే ఇయ్యనిస్తావా నన్ను? గుమ్మం తొక్కనిచ్చినావా?"

"గుమ్మానికి తాళమేసినానా? అయినా నీ అంత నువ్వే వచ్చీసుంటే కాళ్ళు ఇరగ్గొట్టెస్తానా? ఆరెకరాలూ మీ అన్నయ్య ఒక్క సెయ్యితో నిలబెట్టినవి. ఆ గట్టు మీద ఆయన కొబ్బరిమొక్కలు ఏసినాడు. నేను కాలు బాగుంటే రోజూ ఎల్లి సూసుకొచ్చేదాన్ని. పాలేరు కూర్మయ్య ఉంటే ఆడు సూసేవోడు. ఆడి కూతురు కానుపుకని పలాస ఎల్లి వారమైంది, ఇంకా రాలేదు. అదును సూసుకున్నారు మీరు."

"ఆడితో నాకు పొత్తు లేదు వొదినా. నా సెక్క వరకే. నీ సెక్క జోలికి రావద్దని ఆడితో గట్టిగానే సెప్పినాను."

"సెప్పినావా?"

"సెప్పినాను. ఇగో, మా అన్నయ్య ఫోటో మీద ఒట్టు."

"సరే. సెప్పింది నిజమైతే ఆ మాటే మిషన్లో సెప్పు. ఆడు మళ్ళీ ఫోను సేస్తే నీ గొంతే ఇనాలి. ఏ మరిదిని సూపించి నన్ను బెదిరిస్తన్నాడో ఆ మరిదే సెప్పాలి. నొక్కు."

"ఇప్పుడెందుకు, రేపొచ్చి…"

"నొక్కరా."

"ఏటనాలి?"

"'నేను ఉమాశంకర్ని. ఇది మా వొదిన ఇల్లు. మా వొదిన భూమి రొయ్యలకి ఇవ్వదు. ఆ సేన్లో ఉప్పునీరు సుక్క పడలేదు, పడనివ్వం.' అంతే. అను."

"సరే. బీప్ వచ్చింది… నమస్కారం. నేను ఉమాశంకర్ను మాట్లాడుతున్నాను. ఇది మా వదినగారి ఇల్లు. ఆవిడ తన భూమిని రొయ్యల చెరువులకు ఇవ్వరు. ఆ చేలో ఉప్పు… ఆ చేలో…"

"ఏం, ఆపీసినావు?"

"దగ్గొచ్చింది."

"దగ్గు నాకు ఇనపళ్ళేదు. రేడియోలో వార్తలు సదివినట్టు సదవకు. ఇంట్లో ఎలగ మాటాడతావో అలగ మాటాడు. మళ్ళీ నొక్కు."

"నొక్కినాను… నేను ఉమాశంకర్ని. ఇది మా వొదిన ఇల్లు. భూమి ఇవ్వం. ఏదైనా ఉంటే నాతో మాటాడండి. అయిపోనాది, సాలు."

"సాల్దు. ఉప్పునీరు మాట ఏదీ?"

"భూమి ఇవ్వమంటే అదీ దాన్లోకే వచ్చీస్తాది కదా."

"రాదు. అసలు మాటే అది. నీ సెరువు తవ్వితే తవ్వినావు, నా గట్టు దాటి సుక్క దిగకూడదు. దిగితే ఒక్క పంటతో పోదు. అయిదారేళ్ళు గడ్డి కూడా మొలవదు. నీ సెక్క నీ ఇష్టమన్నావు, ఒప్పుకుంటన్నాను. నన్నిలగ మోసం సేసినావు, అదీ మింగుతాను. పద్మకుమారిని అన్న మాటకి దాని ఇంటికొచ్చి దాని సేతులు పట్టుకుంటాను, ఈ కట్టు ఇప్పించగానే. ఆ ఒక్క మాట మాత్రం సెప్పు నాకు. మిషన్లో సెప్పు."

"వొదినా, మంచినీళ్ళు ఇస్తావా?"

"కుండ అక్కడుంది. తాగు. తాగి సెప్పు."

"ఆఁ, తాగినాను."

"తాగినావు కదా. ఇంకేటి? కూకో. నొక్కు."

"నొక్కినాను. నేను… నేను ఉమాశంకర్ని. ఇది మా వొదిన ఇల్లు. మా వొదిన సేన్లో… సేన్లో ఉప్పు…"

"'సుక్క పడలేదు.'"

"సేన్లో…"

"'సుక్క పడలేదు.' అదేటంత కష్టమైన మాట? మూడుసార్లు అక్కడే ఆగినావు! భూమి ఇవ్వదు అన్న మాట గడగడా వస్తంది, ఇదెందుకు రాదు? ఆడంటే భయమా? ఆడు నీకు దేవుడా? మగగొంతు కావాలని పిలిసినాను నిన్ను. సూడు, సంటిపిల్లోడిలా ఎక్కిళ్ళు పెడతన్నావు. ఒరే… ఏడుస్తన్నావేటి?"

"ఆ బటను ఆపీనా?"

"ఆపీ. ఏటైంది? శంకరా, ఏటైందిరా? రెండేళ్ళు ఈ గుమ్మం తొక్కనోడివి, ఇయ్యాల ఒక్క కబురు పెడితే గంటలో వచ్చీసినావు. ఎందుకొచ్చినావు నువ్వు?"

"నువ్వు పిలవకపోయినా ఇయ్యాల వచ్చేవోణ్ణే. నిన్న నీ వీధి మలుపు దాకా వచ్చి ఎనక్కెల్లిపోనాను."

"ఎందుకు?"

"మొన్న పొద్దున్న నా సెరువుకి ఉప్పుటేరు నీరు వదిలినారు. కొత్త గట్టు కదా, మట్టి ఇంకా బిగీలేదు. మజ్జానానికి తెగిపోనాది. బస్తాలేసి నేనూ గంగులూ సీకటిపడే దాకా ఆపినాము, ఆగలేదు. నీ మూడెకరాల్లోనూ మోకాటిలోతు ఉప్పునీరు నిలిసున్నాది వొదినా."