నాలుగో అంతస్తులో మోగని ఫోను

1988వ సంవత్సరం జూన్ ఆరవ తేదీన మా కార్యాలయ రికార్డు విభాగంలో గుమాస్తాగా ప్రవేశించి, ముప్పై ఆరేళ్ల నిష్కళంక సేవానంతరం నేడు ఆ విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మహోదయులను మేమంతా మెట్ల మాస్టారు అని పిలుచుకుంటాము. లిఫ్టు లేని ఈ భవనంలో రికార్డు గది నాలుగో అంతస్తులో ఉన్నది. రోజుకు పదిసార్లు ఎక్కి దిగినా వారి ముఖాన చెమట చుక్క చూసినవారు లేరు.

తొలి పదేళ్లలో వారు తయారుచేసిన సూచికల పుణ్యమా అని ఏ ఏటి ఫైలైనా రెండు నిమిషాల్లో దొరికేది. పైకప్పు గొట్టం పగిలిన ఏడాది తడిసిన కట్టలన్నీ స్వయంగా కిందికి మోసి, వరండాలో ఆరబెట్టారు. అధిపతి అయ్యాక కింద గది ఇస్తామంటే, "మెట్లు లేని గది నాకెందుకండీ" అని సవినయంగా తిరస్కరించారు.

కింది అంతస్తులో సిబ్బంది విభాగం చూసే నాకు ఆరేళ్ల క్రితం షుగరు బాగా పెరిగింది. "నడవకపోతే ఇక సూదులే" అన్నారు డాక్టరుగారు. ఆ జబ్బుతోనే మా నాన్నగారి చూపు పోయింది. నాకు భయమే, కానీ బద్ధకం అంతకంటే పెద్దది. కొన్న బూట్లు పెట్టెలోనే ఉండిపోయాయి.

సరిగ్గా ఆ వారమే మా గదికీ రికార్డు గదికీ మధ్యనున్న ఇంటర్‌కమ్ ఫోను మూగబోయింది. ఫైలు కోసం అటెండరును పంపితే, సంతకం పెట్టేవారే రావాలని మాస్టారు తిప్పి పంపారు. రొప్పుతూ పైకెక్కాను.

"ఫోనెత్తరేంటండీ మాస్టారూ?"

"పాడైపోయింది తమ్ముడూ. కంప్లైంటు రాసివ్వు, నేను చూసుకుంటా. కాగితం మాత్రం నువ్వే తెచ్చివ్వు, మధ్యలో ఎక్కడైనా పోతుంది."

ఆరేళ్లలో పద్దెనిమిది ఫిర్యాదులు స్వయంగా మోసుకెళ్లి ఇచ్చాను. ఫైళ్ల కోసం ఎక్కినవాటికి లెక్కే లేదు. మొదట్లో ప్రతి మలుపులోనూ కూలబడేవాణ్ణి, తరువాత ఒక్కచోటే ఆగేవాణ్ణి, ఇప్పుడు మాట్లాడుతూనే ఎక్కేస్తున్నాను. బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. షుగరు అదుపులోకి వచ్చింది, రాత్రి నిద్ర పడుతోంది. "ఏం చేస్తున్నారండీ?" అని డాక్టరుగారు ఆశ్చర్యపోతే, "కంప్లైంట్లు ఇస్తున్నానండీ" అన్నాను.

గత వారం బాధ్యతల అప్పగింతలో అడుగు అరలో ఒక ఫైలు బయటపడింది. అందులో నా పద్దెనిమిది ఫిర్యాదులూ తేదీల వారీగా ఉన్నాయి. ప్రతిదానిమీదా 'చర్య అనవసరం' అని ఎర్రసిరా. వాటిపై చుట్టచుట్టిన ఫోను వైరు. తగిలించి చూస్తే ఫోను నిక్షేపంగా పలికింది.

మాస్టారు తల దించుకున్నారు. "అప్పట్లో మీ ఆవిడ నా దగ్గరికి వచ్చింది తమ్ముడూ. 'అన్నయ్యగారూ, ఈయన నా మాట వినడం లేదు, మీరే ఏదో ఒకటి చెయ్యండి' అని ఏడ్చింది. నాకు తెలిసింది ఈ మెట్లే."

నాకు కోపం రావలసింది. కళ్లు చెమర్చాయి.

మాస్టారు ధర్మపత్నీ సమేతులై, మోకాలి నొప్పి ఎరుగక, ఆయాసం దరిచేరక, నిండు నూరేళ్లు నడుస్తూనే ఉందురు గాక! వైరు ప్రస్తుతం నా సొరుగులో భద్రంగా ఉన్నది. పంతొమ్మిదో ఫిర్యాదు రాసి, వారి స్థానంలోకి రానున్నవారికి నిన్ననే పైకెక్కి ఇచ్చి వచ్చాను. ఆ ఫోను ఎన్నటికీ మోగకుండు గాక!