తడిగోడ సంగతి

ఆ ఉదయం నా చేతిలో ఉన్నవి ఒక రంగుల దుకాణం, దాన్ని నాకన్నా బాగా నడిపే ఒక అమ్మాయి. షట్టర్ ఎత్తగానే ఆమె అడిగింది.

"సార్, ఎంబీయేకి దరఖాస్తు పెడుతున్నాను. మీరు సిఫారసు లేఖ రాసివ్వాలి."

"అంటే నిన్ను నేనే సాగనంపాలన్నమాట. బాగుందమ్మా!"

"సీటొస్తేనే కదా సార్ వెళ్లేది."

"నేను బాగా రాస్తే వస్తుంది. అదే నా భయం. ఏం రాయమంటావు?"

"కష్టపడుతుందని, టైముకి వస్తుందని..."

"గోడ గడియారం కూడా టైముకే నడుస్తుంది. దానికి సీటిస్తారా? తడిగోడ సంగతి రాస్తాను."

"అయ్యో, వద్దు సార్! ఆ రోజు నన్ను అంతలా తిట్టారు."

"తిట్టనా మరి? డబ్బాలు బండికెక్కించాక, గోడ ఇంకా తడిగా ఉందని, ఆరేదాకా రంగు వెయ్యొద్దని చెప్పి, కొనడానికొచ్చినాయన్ని ఉత్త చేతులతో పంపేశావు."

"వేస్తే పెచ్చులూడిపోయేది సార్."

"తెలుసు. గోడ ఆరాక ఆయన మళ్లీ వచ్చాడు. తమ్ముణ్ణి కూడా రంగు కొనడానికి వెంటబెట్టుకొచ్చాడు."

"నాకు చెప్పలేదే!"

"చెబితే జీతం పెంచమంటావని."

"అది కూడా రాస్తారా?"

"అది మనలో మాట."

ఉన్నదున్నట్టు రాశాను. ఆమెకు సీటొచ్చింది, నా దగ్గర కుర్చీ ఖాళీ అయింది. నాకు మిగిలింది ఒక్క ప్రశ్న. ఇప్పుడు ఎవరొచ్చినా, డబ్బా కిందికి దించే ముందు నేనే అడుగుతున్నాను: "గోడ ఆరిందా అండీ?"