సొంత బ్లేడు

ఫలక్‌నుమా స్టేషన్ పక్క సెలూన్‌లో గడ్డం గీయడం అయింది. పాత గిరాకీ తాను తెచ్చుకున్న బ్లేడును ఎప్పటిలాగే అడిగి తీసుకుని కాగితంలో చుట్టుకుంటుంటే మంగలికి నవ్వొచ్చింది.

“మూడేండ్ల సంది గివే నఖ్రాలు. నా బ్లేడుకు ఏమైందన్నా?”

“అది తర్వాత చెప్త. గా మూలకు పారేసిన తువ్వాల ఏం తప్పు చేసింది భాయ్?”

“పొద్దుగాల లక్ష్మీకాంత్ సార్ ముఖం తుడిచిన. ఆయనకు ఎయిడ్స్ అంటున్నరు. దువ్వెన గూడ పారేసిన.”

“మరి ఆయనకు గీసిన బ్లేడు?”

మంగలి చూపు బల్ల మీది రెండో కత్తి మీదికి పోయింది. బ్లేడు ఇంకా దాంట్లోనే ఉంది.

“మస్తు హుషారున్నవ్. తువ్వాలతోని, దువ్వెనతోని గది రాదు. రక్తంతోని వస్తది. పారేసేది దాచుకుని, దాచుకునేది పారేసినవ్.”

“గివన్నీ నీకెవరు చెప్పిన్రు?”

“మూడేండ్ల సంది దవాఖానల నాకు చెప్తనే ఉన్నరు.”

మంగలి ఆయన చేతిలోని కాగితాన్ని చూశాడు.

“అయితే నీ నఖ్రాలు…”

“నా తర్వాత గీ కుర్చీల కూసునేటోని కోసం. ఇగ నా మెడ మీది తువ్వాల గూడ మూలకేనా?”

మంగలి రెండో కత్తిలోని బ్లేడు తీసి పారేశాడు. తువ్వాలతో ఆయన చెవి వెనక మిగిలిన నురగ తుడిచి, దాన్ని రోజూలాగే తన భుజాన వేసుకున్నాడు.