కుచ్చు గింజలు

పువెబ్లా నగరంలో ఒక డాబా ఇంటి పైకప్పు. అక్టోబరు ఆఖరు. పోయినవాళ్ల పండక్కి, ఈ ఏడే పోయిన తల్లికి మొదటిసారి పీఠం అలంకరించడానికి పుట్టింటికి వచ్చింది బెనీతా. ఆ ఇంటి కోడలు లుసేరో, రొట్టెల్లో పచ్చిగా పెట్టుకునే ‘పాపలో’ అనే ఘాటు ఆకు కుండీల దగ్గర ఉంది.

“అవన్నీ ‘పాపలో’ మొక్కలేనా?”

“అవును వదినా. ఆ బంతిపూల బుట్ట ఇలా ఇవ్వండి, బరువు.”

“బుట్ట సంగతి తర్వాత. అన్నీనా? ఆ పగిలిన తొట్టిలోవి కూడా?”

“అవీ అంతే. మెట్ల దగ్గరికే వాసన వచ్చుంటుందే మీకు.”

“వీధి మలుపులోనే వచ్చింది. అమ్మ వంటింట్లోకి అడుగు పెట్టినట్టే ఉంది.”

“కూర్చోండి. ఎండన పడి వచ్చారు, మంచినీళ్లు...”

“వద్దు. మా ఇంట్లో ఒక్కటి మొలవలేదు, తెలుసా? ఒక్కటంటే ఒక్కటి.”

“అయ్యో.”

“అయ్యో అనకు. నువ్వు అయ్యో అంటే నాకు ఒళ్లు మండుతుంది.”

“సరే, అనను.”

“మంచి మట్టి తెచ్చా. కోడిపెంట కలిపా. పొద్దున్నే ముఖం కడుక్కోకముందే వెళ్లి చూసేదాన్ని. మట్టిని పెంచుతున్నావా అని మా ఆయన నవ్వేవాడు. నీకేమో పగిలిన తొట్టిలో కూడా అడవిలా పెరిగింది!”

“ఆ మూల ఎండ బాగా...”

“మా అట్లిస్కోలో ఎండ లేదా? ఎండ కాదు, గింజ. అమ్మ మంచివి ఏరి నీకిచ్చింది. తాలు గింజలు పొట్లం కట్టి నాకిచ్చింది.”

“అలా అనకండి. పోయిన మనిషిని.”

“ఎందుకనకూడదు? కాళ్లు కడిగిన కోడలివి, తల దువ్విన కోడలివి. పండక్కి వచ్చి పోయే కూతురికి తాలు చాల్లే అనుకుని ఉంటుంది.”

“ఆఖర్లో నన్ను బెనీతా అనే పిలిచేది వదినా.”

“నువ్వేమనేదానివి?”

“ఏమ్మా అని పలికేదాన్ని.”

“మాట మార్చకు.”

“మార్చలేదు. ఆ సంచిలో ఏమిటి?”

“ఏం లేదు.”

“రబ్బరు బ్యాండు కనపడుతోంది.”

“సంతలో కొన్న ఆకు కట్ట! చాలా? నవ్వు. మంచం పక్కన కూర్చుని, అమ్మ చెయ్యి పట్టుకుని చెప్పా, నేను పెంచిన ఆకే నీ సెమీతా రొట్టెలో పెడతానని. ఇప్పుడు పీఠం మీద కొన్నది పెడితే అమ్మకి తెలియదా? వాసన చూసి ఏ మడిలోదో చెప్పే మనిషి.”

“గింజలు ఎలా చల్లారు?”

“అందరూ చల్లినట్టే. చెత్త లేకుండా, శుభ్రం చేసి.”

“శుభ్రం అంటే?”

“గింజల నెత్తినుండే ఆ కుచ్చులన్నీ నలిపి, పళ్లెంలో వేసి ఊది పారేశా. చిక్కుడు గింజలు బాగు చేసినట్టు. ఇక్కడే, అమ్మ పోయిన తొమ్మిదో రోజు ప్రార్థన అయ్యాక. నువ్వు కాఫీ కూడా తెచ్చిచ్చావు.”

“కుచ్చు ఊడితే మొలవవు వదినా.”

“ఏమిటి?”

“‘పాపలో’ గింజకి ఆ కుచ్చు ఉండాలి. విరిగిందా, ఇక తాలే.”

“చూశావా! నీకు చెప్పింది. కన్న కూతురికి చెప్పలేదు!”

“నాకూ చెప్పలేదు. వానలు పడ్డాక ఈ తొట్టిలో ఏవో మొలిచాయి. ఒకటి పీకి తీసుకెళ్లి, సంతలో ఆకు అమ్మే ముసలామెకి చూపించా. ఆమె చెప్పింది. మొలక నెత్తిన కుచ్చు ఇంకా అంటుకునే ఉంది.”

“ఏవో మొలవడమేంటి? నువ్వు చల్లలేదా?”

“లేదు.”

“మరి?”

“ఆ రోజు గాలి ఇటు వీచింది వదినా. మీ చేతిలో నలగనివి ఎగిరిపోయాయి. ఇందులో పడ్డాయి. మిగతా కుండీల్లోకి వీటినే మార్చి నాటాను.”

“అయితే ఇవి... నావా?”

“మీవే. కోసుకోండి. కత్తెర తెస్తా.”

“ఉండు, ఉండు. మరి ఇన్నాళ్లూ చెప్పవేం? ఫోనులో అడిగాగా, గింజలు అమ్మేనా ఇచ్చింది అని. ఊఁ అన్నావు.”

“అన్నాను.”

“ఎందుకన్నావు?”

“వీధిలో వాళ్లు అత్తగారి మొక్కలు కోడలికి వచ్చాయి అంటుంటే... నాకు బాగుండేది.”

“బాగుండడమేంటే? నీ వాటా నీకు ఇచ్చే ఉంటుందిగా. అది చల్లకుండా ఎక్కడ దాచావు?”

“కత్తెర వంటింట్లో ఉంది. వెళ్లి తెస్తా.”

“లుసేరో. నీ పొట్లం ఏది?”

“అత్తయ్యని అడిగాను వదినా, రెండు గింజలు చాలని. ఆఖరి రోజుల్లో నన్ను నా పేరుతో పిలిచింది ఆ ఒక్కసారే. ‘లుసేరో, ముట్టుకోకు, అవి బెనీతావి’ అంది.”