చక్రి తెచ్చిన చార్జరు

అండమాన్‌లోని హోప్ టౌన్‌లో కాంట్రాక్టరు రాజేంద్ర పొద్దున్న ఏడింటికి, కారు బ్యాటరీ దిగిపోయిందని, కారు అడగొచ్చిన పక్కింటివాళ్ళతో ఓ అబద్ధమాడాడు. ఎనిమిదిన్నరకల్లా పక్కింటి చక్రి ఆ అబద్ధాన్ని బాగుచేయడానికి చార్జరు భుజాన వేసుకుని వచ్చేశాడు. చక్రి తల్లి, చేపలమ్మే దేముడమ్మ, గేటు బయట నిలబడి ఉంది.

“అరే, నీకెందుకురా చక్రీ ఈ శ్రమ...”

“శ్రమేటి భయ్యా! బంబూఫ్లాట్‌లో మెకానిక్ గణపతి భయ్యాని లేపి, షెడ్డు తాళం తీయించి మరీ తెచ్చీసాను. బానెట్ తియ్యి.”

“ఇప్పుడా? చార్జి ఎక్కాలంటే సాయంత్రం దాకా పడుతుంది.”

“అంతొద్దు. అరగంట పెడితే ఓసారి స్టార్టవుద్ది. ఆ మీద దారిలో అదే ఎక్కీసుకుంటాది.”

“ఆటోలో అయితే...”

“ఆటోలు బందు కదా ఈయేళ! అమ్మ ఆ మోకాళ్ళతో బోటెక్కే జెట్టీ దాకా నడవలేదు. పదింటికి పోర్ట్‌బ్లెయిర్లో కంటి ఆపరేషను. మెయిన్‌లాండు డాక్టరు రేపు ఫ్లైటెక్కీతాడు. మళ్ళీ ఎప్పుడొస్తాడో.”

“తెలుసు. తెలుసులే.”

“రెండో కన్ను కూడా మసకేసీసింది భయ్యా. నిన్న కత్తిపీట మీద ఏలు కోసీసుకుంది. బానెట్ తియ్యి.”

“కరెంటు లేదురా.”

“మీ వరండాలో ఫ్యాను తిరుగుతోంది కదా?”

“ఓ... వచ్చిందా. ఇప్పుడే వచ్చినట్టుంది.”

“మంచి టైముకొచ్చింది! ఎర్ర క్లిప్పు ప్లస్సుకి, నల్లది మైనస్సుకి. తిరగేస్తే పేలిపోతాదని గణపతి భయ్యా పదిసార్లు చెప్పాడు. ఓపాలి నువ్వూ చూడు.”

“సరిగ్గానే ఉంది.”

“స్విచ్చేస్తన్నాను... ఇదేటి? ఎర్రలైటు రావాలి. పచ్చలైటొచ్చీసింది!”

“పచ్చ అంటే?”

“ఫుల్లయిపోయిందని. అప్పుడే ఎలా ఫుల్లవుద్ది?”

“చార్జరే ఖరాబేమో. తీసుకెళ్ళి ఇచ్చెయ్యి.”

“ఖరాబే. నా కర్మ. మూడు కిలోమీటర్లు మోసుకొచ్చాను... పోనీ భయ్యా, ఓసారి తాళం తిప్పి చూద్దూ.”

“దండగరా.”

“ఒక్కసారి. అమ్మ కోసం.”

“...సరే.”

“అయింది! స్టార్టయింది! చార్జరు మంచిదే భయ్యా, ఎంత జల్దీ ఎక్కించీసిందో! అమ్మా, రాయే!”

“చక్రీ, ఆగు.”

“మళ్ళీ ఆగిపోతాదని భయమా? నేను తోస్తాను కదా...”

“చార్జరేం చెయ్యలేదురా. బ్యాటరీ నిన్నా బాగుంది, పొద్దున్నా బాగుంది.”

“మరి పొద్దున్న...”

“మొన్నే సీట్లు మార్పించాను. మీ అమ్మ కూర్చుంటే... చేపల నీచు... ఛీ. చెప్పడానికి నోరు రావట్లేదు. నీ మొహం చూడలేకపోతున్నాను.”

“ఉండు, క్లిప్పులు తీసీస్తాను.”

“తిట్టరా. ఏదో ఒకటి అను. పిన్నీ, నువ్వైనా తిట్టు.”

“తిట్టడానికేటుంది బాబూ. టైమయిపోతంది, పద. రెండుసార్లు సబ్బెట్టి తానం చేసాను. సీటు మీద పరుసుకోడానికి ప్లాస్టిక్కు పట్టా కూడా తెచ్చుకున్నాను. పొద్దున్న నిన్నడగడానికి వచ్చినప్పుడే ఇది నా సంకలో ఉంది, నువ్వే సూడలేదు.”